నాగసాకి మనవి

మా తెలుగు చర్చిలో పిల్లలందరం బాంబు అంకుల్ అని పిలిచే పెద్దాయన జూలైలో పోయారు. అమ్మ ఫోన్ చేసేసరికి నేను ఇర్వింగ్ హైవే మీద ట్రాఫిక్‌లో ఉన్నాను. అక్కడ ఏడవడానికి కూడా ఎగ్జిట్ తీసుకోవాలి. తీసుకున్నాను.

నిజానికి ఆయన ఒక్క బాంబూ చేయలేదు. యుద్ధకాలంలో అణుబాంబుల కోసం ప్లుటోనియం తయారుచేసిన చోట, వాషింగ్టన్ రాష్ట్రంలో, అది మిగిల్చిన విషపు మురికిని శుభ్రం చేసే ఇంజనీరుగా రిటైరయ్యారు. "వండినవాళ్ళు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయార్రా. గిన్నెలు మాకొదిలారు," అనేవారు.

ఒక క్రిస్మస్‌కి వాళ్ళింట్లో సున్నుండలు చుడుతున్నాం. నాది పగిలింది. వెంటనే అంకుల్ క్లాసు మొదలైంది.

"అన్ని వైపులా ఒకేసారి, సమానంగా నొక్కాలి. ప్లుటోనియంతో బాంబు చేసినవాళ్ళకొచ్చిన తిప్పలూ ఇవే. హిరోషిమా మీద వేసింది యురేనియం. నాగసాకి మీద వేసింది ఇది."

"పిండి కింద పోస్తున్నారు, చూసుకోండి," అంది ఆంటీ.

ఆయన చూసుకోలేదు. "ఆ బాంబు కింద చర్చి ఉంది. లోపల జనం ఉన్నారు," అని చేతిలోని సున్నుండని పళ్ళెంలో పెట్టేశారు.

మా చర్చిలో ప్రార్థన మనవుల సమయమంటే హెచ్‌వన్ వీసా స్టాంపింగులు, గ్రీన్ కార్డులు, అమ్ముడుపోని ఇళ్ళు. ప్రతి ఆగస్టులో మాత్రం ఒక ఆదివారం అంకుల్ లేచి, "నాగసాకి కోసం," అనేవారు. వెనక బిర్యానీ చల్లారిపోతుంటే పాస్టరు అయ్యగారు వాచీ చూసుకునేవారు. ఒకసారి వంటల బాధ్యత చూసే సంఘపెద్ద ఉండబట్టలేకపోయాడు.

"మనకెందుకండీ ఆ గొడవ? నాకు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది."

"దానికీ చేద్దాం బాబూ. ముందు వాళ్ళకి."

పోయిన ఏడాది పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపారు. "ఒరేయ్, నేను పోయాక ఎవరైనా లేస్తారంటావా?"

"మీరెక్కడికి పోతారంకుల్? ప్లుటోనియంలాగే మీ హాఫ్ లైఫ్ ఇరవై నాలుగు వేల ఏళ్ళు."

పెద్దగా నవ్వారు. "దానికుందిరా. నాకు లేదు." కారెక్కాక కూడా అద్దం దించి నావైపు చూస్తూనే ఉన్నారు. జవాబు ఇంకా రాలేదన్నట్టు.

ఆగస్టు వచ్చింది. స్టాంపింగులు అయ్యాయి, ఇళ్ళు అయ్యాయి. "ఇంకేమైనా మనవులు?" అన్నారు అయ్యగారు, అంకుల్ కూర్చునే రెండో వరుస చివరి కుర్చీ వైపు చూస్తూ. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆంటీ బ్యాగు పెట్టి ఉంది.

నేను లేచాను. నేను లేస్తే జోకేనని ముందు వరుసలో ఇద్దరు నవ్వడానికి సిద్ధమయ్యారు.

"నాగసాకి కోసం," అన్నాను.

అయ్యగారు వాచీ చూసుకోలేదు. తలలు వంగాయి. వంటగదిలో సంఘపెద్ద బిర్యానీ మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి, చాలా మెల్లగా, మళ్ళీ పెట్టేసిన చప్పుడు.