నేలబారు కారు, అల్లుడి భక్తి

నాంపల్లిలో మా గల్లీ మలుపు దగ్గర ముందు ‘గర్ర్ర్’ మని వినిపిస్తుంది, తరువాత విజయేందర్ కనిపిస్తాడు. ఆబిడ్స్‌లో చీరల దుకాణం నడిపే ఈ మనిషి కారుకు పెద్ద చక్రాలు వేయించి, స్ప్రింగులు మార్పించి, దాన్ని సాయంత్రపు నీడలా నేలకు వాల్చాడు. షెడ్డులో చూసినప్పుడు టైరు మడ్‌గార్డుకు ఎక్కడా రాసుకోలేదు. అప్పుడు కారులో ఉన్నది బక్కపలచని విజయేందర్ ఒక్కడే. బరువెక్కి గతుకు తగిలితే మాత్రం టైరు రాసుకుని ఆ ‘గర్ర్ర్’.

“ఇంకొక్కసారి గీ చప్పుడు వచ్చిందా, పాత చక్రాలే,” అని భార్య శ్రీవిద్య తేల్చేసింది.

ఈరోజు శ్రీవిద్య వాళ్ల అమ్మను, నన్ను వెనక కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు బయలుదేరాడు. శ్రీవిద్య ముందు సీట్లో చెవులు రిక్కించింది. మొదటి స్పీడ్ బ్రేకర్ ముందే కారు ఆగింది.

“అత్తమ్మా, జర దిగి గా దర్గాకు దండం పెట్టుకోండ్రి. మంచిగుంటది.”

భారీ మనిషి, భక్తిగా దిగింది. కారు నీళ్లమీది ఆకులా తేలి దాటింది. తరువాతి దానికి హనుమంతుడి గుడి దొరికింది.

“ఇయ్యాల అల్లునికి గింత భక్తేంది!” అని ఆమె మురిసిపోయింది.

స్టేషన్ ముందు అన్నిటికన్నా ఎత్తైన స్పీడ్ బ్రేకర్. అత్తగారు ఈసారి పెట్టె పట్టుకుని తానే దిగి వెళ్లిపోయింది. అయినా విజయేందర్ కారు కదపలేదు. అద్దంలోంచి నా పొట్టవైపు చూశాడు.

“గీడ గుడి గూడ లేదన్నా. నీకే దండం పెడత, జర దిగు.”