మొదటి ‘ఏమొద్దు’

“పోతున్న చెల్లె.”

“పో అన్నా. మల్ల ఈ దిక్కు రాకు.”

బాలనర్సయ్యకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. బయట ఎక్కడైనా ‘పోయొస్త’ అనాలి, ‘పోతున్న’ అనకూడదు. రోగులుండే మా దగ్గర మాత్రం పోయొస్త అన్నవాళ్ళను మేమే కసురుతాం. ఆయన వాకర్ పట్టుకుని, తన కాళ్ళ మీద నిలబడి ఆ మాట అన్నాడు. ఒక్క పూట అటూ ఇటూ అయి ఉంటే అనేవాడు కాదు.

ఇది రెండేళ్ళ కిందటి ఎండాకాలం సంగతి. నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల నడుమ ఒక రికవరీ సెంటర్‌లో నేను ఆయాను. పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయినవాళ్ళు ఇంటికి పోయేముందు రెండు మూడు వారాలు ఉండే చోటు అది. మా ఆయన చనిపోయిన ఏడాదే పనిలో చేరాను. చదువంటారా, సంతకం వరకే. కానీ మంచం మీద మనిషి మొహం చూస్తే ఏం కావాలో చెబుతాను. ఆ విషయంలో నాకు అనుమానం లేదు.

ఆ నెలలో గదుల్లో మాట్లాడే డబ్బాలు పెట్టారు. కంపెనీవాళ్ళు వాయిస్ అసిస్టెంట్ అన్నారు. లైటు వెయ్యమంటే వేస్తుంది, మంచం తలవైపు లేపమంటే లేపుతుంది. రెండు గంటలకోసారి తనంతట తానే ఆడపిల్ల గొంతుతో అడుగుతుంది: “నీళ్ళు కావాలా? నొప్పిగా ఉందా? ఎవరినైనా పంపమంటారా?” అది అడిగే మాటను ప్రాంప్ట్ అంటారు. రోగి వద్దంటే నర్సుల తెర మీద ఆ గదికి పచ్చరంగు పడుతుంది, కావాలంటే ఎరుపు. ఎరుపు పడిన గదికే మేం పోవాలి. జగ్గు పట్టుకుని గదిగదికీ తిరిగే మా పాత రౌండు ఆపేశారు.

బాలనర్సయ్య జీడిమెట్లలో లేత్ మిషన్ మీద బతుకంతా పనిచేసిన మనిషి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. భార్య లేదు. కూతురు మందుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, సాయంత్రం వచ్చి గంటసేపు కూర్చునేది. ఆమెనూ ఏమీ అడిగేవాడు కాదు. ఆయన చేరిన రోజు నుంచి రెండు రోజులు నేను సెలవులో ఉన్నాను. మూడోనాడు పొద్దున వచ్చి తెర చూస్తే ఆయన గది మొదటినుంచీ పచ్చగానే ఉంది.

“గీ తాత బంగారం యాదమ్మా,” అంది సిస్టర్. “ఒక్కపారి గూడ పిలవలే.”

నాకది నచ్చలేదు. తుంటి విరిగిన మనిషికి రెండు రోజుల్లో ఒక్క అవసరమూ పడలేదంటే ఎవరు నమ్ముతారు? గదిలోకి పోయాను. పెదాలు పగిలిపోయాయి. చేతిమీద చర్మం గిల్లి వదిలితే అలాగే నిలబడింది. మూత్రం పోసే బాటిల్‌లో అడుగున కాస్త, డికాషన్ రంగులో ఉంది. నన్ను చూసి “రాజమణీ, మిషన్ బంద్ జేసిన్నా?” అన్నాడు. రాజమణి చనిపోయిన ఆయన భార్య అని తర్వాత తెలిసింది. అప్పుడే డబ్బా అడిగింది, నీళ్ళు కావాలా అని. కళ్ళు తెరవకుండానే “ఏమొద్దు బిడ్డా” అన్నాడు. “సరే, విశ్రాంతి తీసుకోండి,” అంది డబ్బా.

సిస్టర్‌ను కేకేశాను. వెంటనే సెలైన్ ఎక్కించారు. ఇంకో పూట ఆగితే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టర్ అన్నాడు. రేపటినుంచి నోటితో సరిపడా తాగకపోతే మళ్ళీ పెద్ద దవాఖానకే పంపాలన్నాడు. సాయంత్రానికి మనిషికి తెలివి వచ్చింది. పక్కన కూర్చున్నాను.

“ఎందుకు తాగలే అన్నా?”

“దూప కాలే.”

“నాకా చెప్తున్నవ్? నాలిక చెప్పు అట్ట లెక్కైంది.”

నవ్వాడు.

“తాగితే మల్ల పోస్కోవాలె గద. లేవరాదు. బాటిల్ అందియ్యమని ఆ పిల్లనెట్ల అడుగుత? నా బిడ్డసొంటి గొంతు.”

“అది పిల్ల గాదన్నా, డబ్బా.”

“డబ్బనే. ఎన్క ఎవరో ఒకరు కూసుంటరు గద. పొద్దుగాల్ల నుంచి అడుగుతనే ఉన్నది పాపం. నువ్వు తిన్నవా బిడ్డా అంటె జవాబియ్యలే. పనిల ఉన్నదేమో అనుకున్న.”

మర్నాడు కంపెనీ నుంచి శ్రావణి మేడమ్ వచ్చింది. డబ్బా ఏ మాట ఎప్పుడు అడగాలో రాసేది ఆమే. బెజవాడ వైపు పిల్ల, నెమ్మదస్తురాలు. రెండు రోజుల రికార్డింగ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వింది. ‘తిన్నవా బిడ్డా’ దగ్గర డబ్బా “క్షమించండి, అర్థం కాలేదు” అంటుంటే తల దించుకుంది.

“కానీ ఆయన స్పష్టంగా వద్దన్నారండి,” అంది. “సిస్టమ్ సరిగ్గానే విన్నది.”

“విన్నది సరిగ్గనే మేడమ్. మీ ఇంటికి చుట్టమొస్తె, తింటవా అంటె ఏమంటడు?”

“వద్దంటారు.”

“పెట్టకుంట పంపుతరా?”

“అలాగని వద్దన్న ప్రతివాళ్ళనీ విసిగించలేం కదండీ. నిజంగానే వద్దనేవాళ్ళుంటారు.”

ఆ మాటా నిజమే. ఎంతమందికి నీళ్ళు తాగించానో గుర్తు చేసుకుని చెప్పాను.

“నిజంగ వద్దన్నోడు ఎందుకో చెప్తడు. ఇప్పుడే తాగిన అంటడు, కడుపుల తిప్పుతున్నది అంటడు. ఉత్త ఏమొద్దు అన్నడంటె మనల్ని తిప్పలు పెట్టొద్దని. దాన్ని జవాబు అనుకోకుండ్రి. మేమైతె తాగుతవా అని అడగనే అడగం. గిలాస పట్కొని పోయి, సల్లయా వేడియా అంటం. బాటిల్ కావాల్నా అని గూడ అడగం. నీళ్ళతోని అదీ వస్తది.”

ఆమె అదంతా రాసుకుంది. అక్కడే లాప్‌టాప్‌లో మాట మార్చింది. మధ్యాహ్నం డబ్బా కొత్తగా పలికింది: “నీళ్ళు, బాటిల్ తెస్తున్నారు. చల్లనివా, గోరువెచ్చనివా?”

లోపలినుంచి బాలనర్సయ్య గొంతు: “సల్లయి.”

నేను తలుపు అవతల జగ్గుతో నిలబడే ఉన్నాను. రెండు గ్లాసులు తాగాడు. బాటిల్ అందించి, కర్టెన్ లాగి, బయటికి వచ్చాను. సాయంత్రం కూతురు వచ్చేసరికి మరో మూడు గ్లాసులయ్యాయి.

“పనిచేసిందండీ,” అంది శ్రావణి మేడమ్.

“నేను నిలవడ్డ కాబట్టి చేసింది. రేపు తెస్తున్నరని డబ్బా అన్నంక ఎవ్వరు రాకపోతె, ఎల్లుండి ఆయన అసలే పలకడు.”

ఆమె అందుకు ఒక పద్ధతి పెట్టింది. ముందు మా ఫోన్‌కు పిలుపు వస్తుంది. నేను పోతున్నానని ఎవరో ఒకరు బటన్ నొక్కితేనే డబ్బా ‘తెస్తున్నారు’ అంటుంది. జగ్గు రౌండు కూడా మళ్ళీ మొదలైంది. మేనేజరు కొన్నాళ్ళు గొణిగాడు, తర్వాత మానేశాడు. బాలనర్సయ్య పెద్ద దవాఖానకు పోలేదు, ఇంటికే పోయాడు.

అప్పటినుంచి కొత్త ప్రాంప్ట్ రాసినప్పుడల్లా మేడమ్ ముందు నాకు వినిపిస్తుంది. చాలా వాటికి నేను వంక పెడతాను. అడగడం ఎవరికైనా వస్తుంది. చెప్పేవాడికి సిగ్గు తగలకుండా అడగాలి, అడిగాక పోవాలి. పోయే మనిషి లేనిచోట అడగకపోవడమే మర్యాద. ఇది నేను డబ్బాకు నేర్పానని అందరూ అంటారు. బాలనర్సయ్య గది తలుపు తీసేదాకా నాకూ ఇంత గట్టిగా తెలియదు.

ఇదంతా నేను చెబుతుంటే రాసింది మా చెల్లెలి కూతురు రమ్య. రమ్యా, బాగుందా అని నిన్ను అడగను. అడిగితే బాగుంది పెద్దమ్మా అంటావు. మొదటినుంచి చదువు, వింటాను.