మాస్టారి నవ్వు

నటనలో నాకు ఓనమాలు నేర్పిన మాస్టారు మొన్న ఆదివారం పోయారు. ఫిల్మ్‌నగర్‌లో అందరికీ ఆయన విలన్. మాకు మాత్రం అద్దం ముందు నిలబెట్టి, "నోరు మూసుకుని కోప్పడవయ్యా, చూద్దాం," అనే మనిషి. డైలాగును నమ్ముకున్నవాడు సగం నటుడేనని ఆయన లెక్క.

చెవి కింద గడ్డ క్యాన్సరని తేలినప్పుడు ఆయన భయపడింది చావుకి కాదు. ముఖాన్ని కదిలించే నరం సరిగ్గా అక్కడి నుంచే వెళ్తుంది. అది తెగితే సగం ముఖం వాలిపోతుంది, కన్ను మూతపడదు. జూబ్లీహిల్స్‌లో సర్జన్ ఇంకా ప్రయోగదశలోనే ఉన్న ఒక పద్ధతి చెప్పారు. ఆపరేషన్‌కి ముందు రక్తంలోకి రంగుమందు ఎక్కిస్తే, ప్రత్యేకమైన వెలుతురులో నరాలు మెరుస్తూ కనిపిస్తాయట.

"కానీ గడ్డ నరాన్ని అంటుకుని ఉంటే, రెండూ తీసేయడమే సేఫ్ సార్," అన్నారాయన.

"కనిపిస్తున్నదాన్ని కోస్తారా? వద్దండీ, ఉంచేయండి," అన్నారు మాస్టారు.

"సార్, జర ఆలోచించుండ్రి. మీరుంటే చాలు మాకు," అని బతిమాలాను.

"ముఖం లేకుండా ఉండి ఏం చెయ్యనురా?"

ఆపరేషన్ అయి మత్తు దిగాక డాక్టర్ నవ్వమన్నారు. మూతి ఒక పక్కకే లేచింది. మాస్టారి భార్య, మా అమ్మగారు, గోడ పట్టుకున్నారు, డాక్టర్ తెల్లబోయారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అది ఆయన విలన్ నవ్వు!

"గా నవ్వు కాదు సార్, మామూలుగ నవ్వుండ్రి!" అని అరిచాను.

అప్పుడు నవ్వారు, రెండు పక్కలా. నేను అక్కడే ఏడ్చేశాను.

రంగుమందు తన పని తాను చేసింది. నరం పొడవునా వెలిగింది. దాన్ని కరుచుకున్న గడ్డ ముక్కను సర్జన్ మాస్టారి మాట ప్రకారం వదిలేశారు. రేడియేషన్ ఇచ్చినా ఏడాది తిరక్కుండానే జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఈలోగా ఆయన ఒక్క వేషం వేశారు, కొడుకు శవం ముందు కూర్చున్న తండ్రిగా. ఒక్క మాట లేదు. షాట్ అయ్యాక సెట్‌లో ఎవరూ కదల్లేదు. అది చూశాక కూడా నా కోపం చల్లారలేదు. ఎవరిని తిట్టుకోను? డాక్టర్నా, ఆ రంగునా, ఈయన మొండితనాన్నా? నాకు మాస్టారు కావాలి, అంతే.

చివరిసారి ముస్తాబు చేయడానికి ఆయన మేకప్‌మ్యానే వచ్చాడు. పౌడరద్దుతూ చెవి పక్కన కోత మచ్చ దాకా వచ్చేసరికి అమ్మగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"దాన్ని ఉండనీ నాయనా. ఆయన ఏరికోరి తెచ్చుకున్నదే."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పౌడరు అద్దిన ఆ చెంప పక్కన మచ్చ అలాగే కనిపిస్తుండగా మేం పాడె ఎత్తాం.