మళ్ళీ పుట్టాల్సిన మనిషి

"...ఆ గడప మీద కాలు పడిందంటే చీపురు తిరగేస్తా!"

"నా ఇంట్లోకి నేను రావడానికి నీ సెలవు కావాలా, మెలిట్టా?"

"ఎవరి ఇల్లు? ఈ ఇంటాయనకి ఎప్పుడో కర్మ చేసేశాం."

వీధిలో నిలబడ్డవాడు బాగా చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. సిసిలీ యుద్ధంలో పోయాడని అందరం ఏడ్చిన ఈమె మొగుడు హెగియాస్‌ని నేనే, శత్రువులకి చిక్కి ఇన్నేళ్ళూ రాతి గనుల్లో పనిచేశా అంటున్నాడు. శవం రాకపోయినా ఖాళీ సమాధి కట్టి, నూనె పోసి సాగనంపాం. అలా సాగనంపినవాడు తిరిగొస్తే ఏథెన్సులో బతికున్నవాళ్ళ లెక్కలోకి రాడు. గుడి మెట్లెక్కకూడదు, ఇంటి పొయ్యి దగ్గరికి రాకూడదు. పసిబిడ్డకు చేసినట్టు నీళ్ళు పోసి, పొత్తిగుడ్డల్లో చుట్టి, బాలింత పాలు చుక్క నాలుక మీద వేసి మళ్ళీ పుట్టించాలి. అది మంత్రసాని పని, అంటే వీధంతా అత్తా అని పిలిచే నాది. పదోనాడు పసిబిడ్డకు పెట్టినట్టే పేరు పెడతారు. వీటన్నిటికీ ముందు ఇల్లాలు ఒప్పుకోవాలి.

ఆ ఇల్లాలు తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. పద్నాలుగో ఏట మా కుమ్మరి వీధికి కాపురానికొచ్చింది. మొగుడు పోయాక పుట్టింటికి వెళ్ళకుండా, తలకు కట్టుకునే పట్టీలు నేసి సంతలో అమ్ముకుంటూ బతికింది. ఉన్ని కొనేముందు రంగు పోతుందేమోనని తడిపి చూస్తుంది. ఇతన్నీ అలాగే చూసింది.

ఆమె మరిది స్మిక్రోస్ అతన్ని తను కుండలు కాల్చే ఆవం పక్క కొట్టంలో పడుకోబెట్టాడు. మెలిట్ట వాకిట్లో నిలబడి అడిగింది. పెళ్ళినాడు ఏం పాడైంది? వానకి కాగడాలన్నీ ఆరిపోయాయి. పోయిన బిడ్డ పేరేంటి? మిర్టో. ఒక్కటీ తప్పలేదు.

"బందీలుగా ఉన్నప్పుడు, ఆ రాతి గనుల్లో, పొద్దుపోయాక ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఇళ్ళ గురించే. ఇంకేముంటుంది?"

"అదీ సంగతి!" నా వైపు తిరిగింది. "వీడు మా ఆయన పక్కన పడుకున్నవాడైనా ఇవన్నీ చెప్పగలడు, అత్తా. ఆయన తనకి తెలిసింది చెప్పుంటాడు. తన గురించి తనకే తెలియంది చెప్పలేడుగా?"

హెగియాస్‌కి తన గురించి తెలియనిదొకటి నాకూ తెలుసు. ఎదుటివాళ్ళు ఏడిస్తే వెంటనే తన తలనొప్పి కథ మొదలుపెట్టేవాడు. మిర్టో పోయిన రోజు కూడా అంతే.

మర్నాడు మెలిట్ట అతని ముందు ఆ బిడ్డ ప్రస్తావన తెచ్చింది. పరీక్షకని మొదలుపెట్టిన ఏడుపు ఆగలేదు. అతను తలనొప్పి మాట ఎత్తలేదు. కుండలోంచి నీళ్ళు ముంచి, గిన్నె ఆమెకి అందేంత దూరంలో పెట్టి వెనక్కి వెళ్ళాడు.

"చూశారా! ఆయన కాడు."

"అన్నేళ్ళు రాళ్ళు కొడితే మనిషి మారడా, వదినా?" అన్నాడు స్మిక్రోస్. "కప్పు మీద పెంకులన్నీ మార్చాం. ఇల్లు మనది కాకుండా పోయిందా?"

"పెంకులతో నేను కాపురం చెయ్యలేదు, మరిదీ. నీ చక్రం తిప్పడానికి ఎవడైనా చాలు."

"నేను నేనే, మెలిట్టా," అన్నాడతను.

"వెళ్ళినవాడివేనా?"

అతను తన చేతులకేసి చూసుకున్నాడు.

"తెలీదు," అన్నాడు.

మెలిట్ట లోపలికి వెళ్ళింది. స్మిక్రోస్ తల పట్టుకున్నాడు. ఆమె కాసేపటికి వచ్చి గడప లోపలే నిలబడింది.

"నీళ్ళు కాగబెట్టు, అత్తా. పుట్టించు. పదోనాడు పేరు నేనే పెడతా. హెగియాస్ అని మాత్రం పెట్టను."