ముందు దీపం ముట్టించిన మనిషి

సికింద్రాబాద్ స్టేషన్‌లో చీకటి పడే వేళ. ఎదురుగా నిలబడ్డ ఆవిరి ఇంజన్ ముందు దీపం చటుక్కున వెలిగింది. నా పక్కన కూర్చున్న ముసలాయన పెదవి విరిచాడు.

"లోపల కూసోనే స్విచ్ ఏసిండు," అన్నాడు. తాను ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడట.

"కరెంటు దీపం మంచిదే కదా చాచా, దూరం దాకా కనిపిస్తుంది," అన్నాను.

"మంచిదే బేటీ. నూనె దీపం జెర గాలొస్తే ఆరిపోతుండె. కానీ అది ముట్టియ్యాలంటే మనిషి ఇంజన్ ముందటికి ఎక్కాలె. నా డ్యూటీ ఉన్న రోజు మా ఇంటామె ఆ పుల్ మీద నిలబడుతుండె." పట్టాల పైనున్న కాలి వంతెన చూపించాడు. "అగ్గిపుల్ల గీస్తే నా మొఖం కనపడుతుండె. అది చూసి ఇంటికి పోతుండె."

"కరెంటు దీపం వచ్చాక?"

"మొదటి రోజు నా బండి ఎల్లిపోయినా అక్కడ్నే నిలబడ్డది. నేనింకా దీపం ముట్టియ్యలేదు గదా, ఈ బండి నాది కాదనుకున్నదంట."

నవ్వాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. బీడీకనుకున్నాను. పుల్ల గీసి, చేయి అడ్డం పెట్టి, మొఖం దగ్గర పట్టుకుని వంతెన వైపు తలెత్తాడు. వేళ్లు చురుక్కుమనేదాకా అలాగే ఉన్నాడు. వంతెన మీద జనం ఎవరి తొందరలో వాళ్లు పోతున్నారు.

ఇప్పటికీ కరెంటు పోతే, కొవ్వొత్తి ముట్టించే ముందు అగ్గిపుల్లను ఒక్క క్షణం నా మొఖం దగ్గర పట్టుకుంటాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.