తాలు కుప్పలో నా దరఖాస్తు

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు దానితోపాటు ఒక ఉత్తరం జతచేయాలని, అందులో మన గొప్పలు మనమే చెప్పుకోవాలని బీఈడీ అయిపోయేదాకా నాకెవరూ చెప్పలేదు. దాన్ని కవర్ లెటర్ అంటారట. పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల గొప్పలు పిల్ల చెప్పుకోదు, పక్కన కూర్చుని మేనత్త చెబుతుంది. ఇక్కడ మేనత్త పని కూడా మనదే.

మా ఊరి జిరాక్స్ కొట్టాయన దగ్గర అలాంటి ఉత్తరం ఒకటి తయారుగా ఉండేది. పేరు మార్చి ప్రింటు తీసిచ్చేవాడు. "బ్యాంకుకైనా ఇదేనమ్మా, బట్టల కొట్టుకైనా ఇదే. ఇంగ్లీషు చాలా గట్టిది" అనేవాడు. దాని ప్రకారం నేను మహా చురుకైనదాన్ని, సవాళ్ళంటే పడిచచ్చేదాన్ని, ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా బాగా పనిచేసేదాన్ని. మా వీధిలో డిగ్రీ చదివిన ప్రతివాడూ అంతే. ఇంతమంది చురుకైనవాళ్ళుండి కూడా మా వీధి కాలువ ఎందుకు పూడిపోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఒంగోలు, పొదిలి, చీరాల, ఎక్కడ స్కూలుంటే అక్కడికల్లా ఆ ఉత్తరం పంపాను. ఒక్కరంటే ఒక్కరు పలకలేదు.

నాకు ఉద్యోగం రావాలని నాకంటే మా అమ్మకు తొందర. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మిరపకాయల పనికి పోతోంది. కోతలయ్యాక కల్లాల్లో కూర్చుని తాలు ఏరుతుంది. అంటే మంచి ఎర్రకాయ ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒక కుప్ప. ఏళ్ళతరబడి ఆ ఘాటు పీల్చీ పీల్చీ ఛాతీ పాడైపోయింది. దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని నిలబడాల్సిందే. ఇక కాయల్లోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. "నీకు ఉద్యోగం రానీ, ఆ రోజే మానేస్తా" అనేది అమ్మ. నా ఉత్తరం బాగుంటే దగ్గు తగ్గుతుంది, లేకపోతే లేదు. ఇంతకన్నా ఒత్తిడి ఏముంటుంది? జిరాక్స్ కొట్టాయన ఉత్తరం నిజమైతే నేను అప్పటికే చెలరేగిపోయి ఉండాలి. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు.

చివరికి ఫోన్లో ఏదో వీడియోలో ఒక పెద్దమనిషి "మీ గురించి మీ మాటల్లోనే రాయండి" అంటే విని, కాగితం ముందు కూర్చున్నాను. నా గురించి నేను నలుగురి ముందు మాట్లాడిన చోటు ఒక్కటే, మా చర్చి. అక్కడ సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు ముందు తామెంత పనికిమాలినవాళ్ళో చెప్పుకోవాలి, ఆ తర్వాతే దేవుడు చేసిన మేలు. ఎంత తగ్గించుకుంటే అంత మంచి సాక్ష్యం. ఫస్టు క్లాసులో పాసయ్యానని ఎవరైనా తిన్నగా చెప్పారో, వెనకవరస అత్తలు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు.

కాబట్టి నా ఉత్తరం "నాలో ఏ యోగ్యతా లేకపోయినా" అని మొదలైంది. తెలుగులో చదివి వినిపిస్తే అమ్మ కళ్ళు తుడుచుకుని, ఒకసారి అయ్యగారికి కూడా చూపించమంది. మా పాస్టరుగారిని మేము అయ్యగారనే అంటాం. ఆయన రెండుసార్లు చదివి, "బాగుందమ్మా, ఇంకాస్త తగ్గించుకో" అన్నారు. "నాకంటే సమర్థులు మీకు ఎందరో దొరుకుతారు" అన్న వాక్యం ఆయన చలవే.

విడ్డూరం, ఒంగోల్లో ఒక ప్రైవేటు స్కూలు నుంచి పిలుపొచ్చింది. కరస్పాండెంటుగారు పెద్దాయన. నా ఉత్తరం ముందు పెట్టుకుని, నేను కూర్చోకముందే నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇట్టా రాసేవాళ్ళు ఎట్టా ఉంటారో చూద్దామని పిలిచానమ్మా. మాదీ మిరపకాయలు పండించిన కుటుంబమే. నిన్ను నువ్వే ఏరి తాలు కుప్పలో పోసుకున్నావు. అందులోంచి మళ్ళీ నేను ఏరుకోవాలా?"

తాలు అనే మాట చెవిన పడేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. యోగ్యత లేదని రాసింది నేనే, అయినా మండింది.

"తాలెవరండీ? ఎండల్లో, రేకుల షెడ్డులో, ఫ్యానన్నది లేకుండా మా పేట పిల్లలందరికీ లెక్కలు చెప్తున్నాను. రెండో ఎక్కం రాదని బళ్ళో గోడకుర్చీ వేసినవాడు నా దగ్గర భిన్నాలు చేస్తున్నాడు. కోతలప్పుడు అమ్మల వెంట పొలం పోయే పిల్లల్ని ఇళ్ళకెళ్ళి లాక్కొచ్చి మరీ బడికి పంపుతున్నాను. అట్టాంటి టీచరు మీ స్కూల్లో ఒక్కరున్నారేమో చూపించండి!"

అనేశాక తెలిసొచ్చింది. అయిపోయింది, నా నోటిదురుసుతో అమ్మను మళ్ళీ కల్లానికి పంపాను అనుకున్నాను.

ఆయన నవ్వడం ఆపాడు. "మరి ఇదంతా రాయొచ్చుగా?"

"మా చర్చిలో దాన్ని గర్వం అంటారండీ."

"మా స్కూల్లో కవర్ లెటర్ అంటారమ్మా. సోమవారం వచ్చి చేరు" అన్నాడు.

ఆ ఆదివారం అమ్మ సాక్ష్యానికి లేచింది. అయ్యగారు మైకు అందించారు. అయోగ్యురాలిని అన్న మాటతో మొదలవుతుందని నేను అలవాటుగా తల దించుకున్నాను.

"నా కూతురు తెలివిగలదండీ" అని మొదలుపెట్టింది అమ్మ. వెనకవరసలో అత్తలు ముఖాలు చూసుకున్నారు. "దేవుడు సాయం చేశాడు, కాదన్ను. చదివింది మాత్రం ఇదే. ఏమే మేస్త్రమ్మా, వింటున్నావా? రేపట్నుంచి నేను కాయల్లోకి రాను!"

ఆడకూలీలను పనికి తీసుకెళ్ళే మేస్త్రమ్మ రెండో వరసలోనే ఉంది. ఆమె తలూపేలోపే అమ్మకు దగ్గు తెర వచ్చింది. మైకు చేతిలోనే ఉండటంతో ఆ దగ్గు చర్చంతా వినబడింది. తాలు ఏరే ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఎవరూ కదల్లేదు, మైకు తీసుకోమని ఎవరూ అనలేదు. దగ్గు పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు అందరూ ఒక్కసారిగా "ఆమెన్" అన్నారు. వాళ్ళలో సగంమంది దగ్గుతూనే అన్నారు.