తడి ఇసుకలో మందు సీసా

మా చెల్లెలికి పదమూడో ఏటే చక్కెర జబ్బు వచ్చింది. రోజూ పొద్దున్నే నాయన గాజు సిరంజి మరగబెట్టి, ఆమెకు ఇన్సులిన్ సూది వేసేవాడు. ఆళ్లగడ్డలో మా ఇంటికి ఫ్రిజ్ ఎక్కడిది? మందు సీసాను ఇసుక కుండలో దాచి, ఎండాకాలం రోజుకు రెండుసార్లు ఆ ఇసుక తడిపేవాడు.

ఎనభైల మొదట్లో నేను నంద్యాలలో సైన్సు ట్యూషన్లు చెప్పుకుంటూ టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా చర్చి ఆడవాళ్లు మూడు రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉపవాస ప్రార్థన చేస్తారు. ఆ ఏడు పదిహేడేళ్ల చెల్లెలూ పేరిచ్చింది. ఆదివారం సాయంత్రం నేను నంద్యాల బస్సుకు బయలుదేరుతుంటే వెంటపడింది.

"అక్కా, అన్నమే తినకపోతే ఒంట్లో చక్కెర యాడిది? మూడు దినాలు సూది వద్దని నాయనకు చెప్పు."

"దేనికే నీకు ఉపాసం?"

"దేవునికి చెప్పినాలే, నీకెందుకు?"

బస్సుకు వేళైపోతోందని ఆలోచించకుండా ఒప్పుకున్నాననడం సాకు. చెల్లెలి మాట నాకు నిజంగానే సబబుగా తోచింది. నాయన వైపు తిరిగి "మాననీలే నాయనా" అన్నాను. సైన్సు చదివిన కూతురు చెప్పాక ఆయన ఇంకేమంటాడు?

ఉపవాసం మూడో రోజు, బుధవారం మధ్యాహ్నం నేను వచ్చేసరికి చెల్లెలు చర్చిలో చాప మీద పడుకుని ఉంది. "చూడు పాపా, నీ చెల్లెలి ఊపిరి మాగిన పండ్ల వాసనొస్తాంది. దేవుడు ఆలకించినాడు" అని ఒక పెద్దామె కళ్లు తుడుచుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ ఒళ్లు పులకరించింది. ఆ తర్వాతే చూశాను, పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది. పిలిస్తే పలకలేదు.

జీపులో నంద్యాల ఆసుపత్రికి తెచ్చాం. సాయంత్రానికి పోయింది.

డాక్టరు విడమరిచి చెప్పాడు. తిండి లేనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. మెదడుకూ గుండెకూ పనికొచ్చేలా కాలేయం దాన్ని మరో ఇంధనంగా మారుస్తుంది. మామూలు మనిషికి ఉపవాసంలోనూ కాస్త ఇన్సులిన్ ఊరుతూ, ఇక చాలని దాన్ని అదుపులో పెడుతుంది. మా పిల్లకు ఆ కాస్తా సూదిలోనే ఉంది. సూది లేక కాలేయం ఆగలేదు, ఆ ఇంధనమే మితిమీరి రక్తంలో ఆమ్లం పెరిగిపోయింది. పండ్ల వాసన దానిదే.

"తినకపోయినా కొంచెమన్నా సూది పడాల. ఎవరు మాన్పించింది?"

నాయన నా వైపు చూడలేదు. "నేనే సార్" అన్నాడు.

చర్చి పెట్టెలో చెల్లెలు వేసిన ప్రార్థన చీటీని పాస్టరమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది. 'మా అక్కకు ఉద్యోగం రావాల' అని ఉంది. ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

జూన్‌లో ఉద్యోగం వచ్చింది. చేరడానికి పోతూ గుమ్మం దగ్గర ఆగాను. నాయన చెంబుతో ఇసుక కుండలో నీళ్లు చల్లుతున్నాడు.

"ఇంకెందుకు నాయనా?"

"నువ్వు పో పాపా. బస్సు పోతాది."